పవర్‌పాయింట్
పవర్‌పాయింట్ అనునది ఉపన్యాసమునకు తోడుగా అక్షరములను, చిత్రములను, రేఖాపటములను స్లైడ్లపై కూర్చి తెరపై ప్రదర్శించుటకు ఉపకరించు సాఫ్ట్‌వేర్. అమెరికాలోని ఫోర్‌థాట్ సంస్థయందు రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ ప్రభృతులు రూపొందించిన యీ సాధనము 1987 ఏప్రిల్‌లో మెకింటాష్ కంప్యూటర్లకై వెలువడగా, ఆ సంవత్సరముననే మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకు ఫోర్‌థాట్‌ను కొనెను. ఓవర్‌హెడ్ ప్రొజెక్టరుపై నుంచు పారదర్శక పత్రములను నలుపు తెలుపులలో సిద్ధపరచుటకు ప్రథమరూపము ఉద్దిష్టమైనది; పవర్‌పాయింట్ 1990లో విండోస్‌కు విస్తరించెను. స్లైడ్ మాస్టర్‌లో ఒక్కమారు నిర్ణయించిన అక్షరరూపమును వర్ణమును తదాధారిత స్లైడ్లన్నిటికిని వర్తించును. ప్రెజెంటర్ వ్యూ గమనికలను, రానున్న స్లైడును వక్తకు మాత్రమే చూపును. ప్రదర్శన మధ్యమున ‘బి’ మీటను నొక్కినచో తెర నల్లనై, సభ్యుల దృష్టి వక్తవైపు మరలును. స్లైడునకు ఒకే భావము, వెనుక వరుసవారికిని స్పష్టమగు అక్షరప్రమాణము, ముందస్తు అభ్యాసము ఉత్తమ ప్రదర్శనకు లక్షణములు. స్లైడును యథాతథముగా చదువుట ప్రధాన దోషము.