కరెంటు తయారుచేసే చోట కరెంటు పోతే...

అణు విద్యుత్ కేంద్రానికి బయటినుంచి కరెంటు కావాలి అంటే చాలామంది నమ్మరు. కరెంటు తయారుచేసే చోటికి మళ్ళీ కరెంటెందుకు? ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు లేదూ? కానీ అణు భద్రత చరిత్రలో చాలా భాగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కాస్త ఓపిగ్గా చదవండి, సర్వర్లతో కాపురం చేసే మనలాంటి వాళ్ళకి ఇందులో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

ముందు కొంచెం బేసిక్స్. బొగ్గు కేంద్రంలో బొగ్గు వెయ్యడం ఆపేస్తే పొయ్యి చల్లారిపోతుంది. రియాక్టర్ అలా కాదు. చైన్ రియాక్షన్ ఆపేసినా, అప్పటికే విడిపోయిన పరమాణువుల ముక్కలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో ఆ వేడి పూర్తి సామర్థ్యంలో 6-7 శాతం ఉంటుంది. ఒక రియాక్టర్ 3000 మెగావాట్ల వేడి పుట్టించేదనుకుంటే, "ఆఫ్" చేశాక కూడా 200 మెగావాట్లు అన్నమాట! గంటకి ఒకటిన్నర శాతానికి, రోజు గడిచేసరికి అర శాతానికి తగ్గుతుంది. అప్పటిదాకా నీళ్ళు తిరుగుతూనే ఉండాలి. తిరగాలంటే పంపులు, పంపులకి కరెంటు. సొంత జనరేటర్ అప్పటికే ఆగిపోయింది కాబట్టి గ్రిడ్ నుంచి తెచ్చుకోవాలి. గ్రిడ్ పోతే డీజిల్ జనరేటర్లు. అవి అందుకునేలోపు కంట్రోల్ పరికరాలకి బ్యాటరీలు, యూపీఎస్‌లు. మన డేటా సెంటర్ బొమ్మే, కాకపోతే పందెం పెద్దది.

ఇన్ని బ్యాకప్‌లు ఉండగా ప్రమాదం ఎలా వస్తుంది? అక్కడే ఉంది కథంతా.

ఫుకుషిమా పేరు తెలియనివాళ్ళు మనలో ఉండరు. నరోరా పేరు ఎంతమంది విన్నారు? ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున ఉన్న మన అణు కేంద్రం. 1993 మార్చి 31, తెల్లవారుజామున మూడున్నర. మొదటి యూనిట్ టర్బైన్‌లో రెండు బ్లేడులు విరిగాయి. అంత వేగంతో తిరిగే యంత్రం తూకం తప్పితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ కుదుపుకి జనరేటర్‌ని చల్లబరిచే హైడ్రోజన్ బయటికి తన్నుకొచ్చి అంటుకుంది, దానికి లూబ్రికేషన్ ఆయిల్ తోడైంది. మంటలు కేబుళ్ళ వెంట పాకాయి.

అసలు తప్పు కేబుళ్ళ దగ్గరే ఉంది. మెయిన్ సప్లై కేబుళ్ళు, బ్యాకప్ కేబుళ్ళు ఒకే దారిలో పక్కపక్కనే వేశారు. మధ్యలో మంటని ఆపే అడ్డుగోడ లేదు. అన్నీ కలిసి కాలిపోయాయి. బయట గ్రిడ్ ఉన్నా, ఆవరణలో డీజిల్ జనరేటర్లు ఉన్నా, ఆ కరెంటు పంపుల దాకా వెళ్ళే దారి లేదు. తాళం వేసి గొళ్ళెం మరచినట్టు! కేంద్రం 17 గంటలు చీకట్లో ఉండిపోయింది.

ఆపరేటర్లు మొదటి నిమిషంలోనే రియాక్టర్‌ని ఆపేశారు. కాసేపటికి కంట్రోల్ రూమ్ నిండా పొగ, బయటికి రావాల్సి వచ్చింది. ఎమర్జెన్సీ కంట్రోల్ రూమ్‌కి వెళ్దామంటే అక్కడా కరెంటు లేదు. రియాక్టర్ లోపల ఏం జరుగుతోందో చూపించే మీటర్ ఒక్కటీ లేదు. అప్పుడు కొంతమంది టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ భవనం పైకెక్కి, వాల్వులు చేత్తో తిప్పి, బోరాన్ ద్రావణాన్ని లోపలికి వదిలారు. చైన్ రియాక్షన్ మళ్ళీ తల ఎత్తకుండా అది కాపలా. ఇంకోపక్క నేరుగా డీజిల్ ఇంజిన్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో స్టీమ్ జనరేటర్లకి నీళ్ళు పెట్టారు. భారజలం వేడెక్కి పైకి, చల్లబడి కిందికి దానంతటదే తిరుగుతూ కోర్ వేడిని బయటికి మోసింది. రేడియేషన్ బయటికి రాలేదు. అంతర్జాతీయ స్కేలు మీద దీన్ని 3వ స్థాయి ఘటనగా లెక్కగట్టారు.

బాధాకరం ఏంటంటే ఈ పాఠం అప్పటికే పాతది. 1975 మార్చి 22న అమెరికాలోని అలబామాలో, బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రంలో ఒక పనివాడు గాలి లీకవుతుందేమో చూద్దామని కొవ్వొత్తి పెట్టాడు. అవును, కొవ్వొత్తే! కేబుళ్ళ సందులో కూరిన ఫోమ్ అంటుకుని 1600కి పైగా కేబుళ్ళు కాలాయి. దాంతో అమెరికా 1980లో కేబుళ్ళని విడదీయాలంటూ గట్టి నిబంధనలు తెచ్చింది. నరోరా మంటలు ఆ తర్వాత 13 ఏళ్ళకి.

ఇక స్వీడన్ కథ, ఇది అచ్చంగా మనకోసం రాసినట్టుంటుంది. 2006 జూలై 25, ఫోర్స్‌మార్క్ మొదటి యూనిట్. బయట 400 కిలోవోల్టుల స్విచ్‌యార్డ్‌లో పని జరుగుతుండగా షార్ట్ సర్క్యూట్ అయింది. వోల్టేజి ఒక్కసారి ఎగిసి లోపలికి దూసుకొచ్చింది. నాలుగు యూపీఎస్‌లలో రెండు ఆగిపోయాయి. నాలుగు డీజిళ్ళూ స్టార్టయ్యాయి, కానీ రెండిటికి తమ వేగం కొలుచుకునే పరికరానికి కరెంటు ఆ ఆగిపోయిన యూపీఎస్‌ల నుంచే రావాలి. వేగం తెలియదు కాబట్టి సిస్టమ్ వాటిని లైన్‌కి కలపలేదు. ఇంజిన్లు తిరుగుతున్నాయి, కరెంటు మాత్రం రాదు. కంట్రోల్ రూమ్‌లో కొన్ని తెరలు కూడా ఆరిపోయాయి. మిగిలిన రెండు డీజిళ్ళు చల్లబరిచే పని లాక్కొచ్చాయి, 20 నిమిషాలు దాటాక ఆపరేటర్లు చేత్తో సప్లై కలిపారు. నాలుగు యూపీఎస్‌లూ ఒకే డిజైన్. అదే దెబ్బకి నాలుగూ పోయి ఉంటే? అందర్నీ కలవరపెట్టిన ప్రశ్న అదే.

2011 మార్చి 11న ఫుకుషిమా దైచీలో జరిగిందీ ఈ కోవదే. భూకంపానికి బయటి లైన్లన్నీ పోయాయి, డీజిళ్ళు చక్కగా అందుకున్నాయి. దాదాపు 50 నిమిషాల తర్వాత సునామీ వచ్చింది. ఎక్కువ డీజిళ్ళు, స్విచ్‌గేర్ ఉన్నది బేస్‌మెంట్లలో, అన్నీ ఒకేసారి మునిగాయి. ఆరో యూనిట్‌కి చెందిన, గాలితో చల్లబడే ఒక్క డీజిల్ మిగిలి 5, 6 యూనిట్లని కాపాడింది. పక్కనే ఉన్న ఫుకుషిమా దైనీలో బయటి లైన్ ఒక్కటి బతికింది. అక్కడ సుమారు 200 మంది కలిసి 9 కిలోమీటర్ల బరువైన కేబుల్‌ని భుజాల మీద మోసి పరిచారు. నాలుగు రియాక్టర్లూ దక్కాయి.

నేను అణు విద్యుత్తుకి వ్యతిరేకిని కాదు. కానీ "నరోరాలో ఏమీ కాలేదు కదా, అంటే సిస్టమ్ పనిచేసినట్టే" అనే వాదన వింటే ఒళ్ళు మండుతుంది. అక్కడ కాపాడింది డ్రాయింగ్‌లో ఉన్న బ్యాకప్‌లు కావు. అవి అన్నీ పోయాయి. కాపాడినవి కరెంటుతో పనిలేని భౌతికశాస్త్రం, కరెంటుతో పనిలేని పంపు, చీకట్లో మెట్లెక్కిన మనుషులు. ఆ మనుషుల పేర్లు మన ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఎక్కడైనా చూశారా?

మనం డిజైన్ రివ్యూలో "బ్యాకప్ ఉందా?" అని అడుగుతాం, "రెండున్నాయి" అంటే టిక్ పెట్టి ముందుకెళ్తాం. అడగాల్సింది "ఆ రెండూ కలిసి దేనిమీద ఆధారపడ్డాయి?" అని. ఒకే కేబుల్ దారా, ఒకే బేస్‌మెంటా, ఒకే కంపెనీ ఫర్మ్‌వేరా? రెండు సర్వర్లు పెట్టి, రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చితే అది బ్యాకప్ కాదండీ, రెట్టింపు ఖర్చు :-)

యుద్ధం నడుమ చిక్కుకున్న ఉక్రెయిన్‌లోని జాపొరీజియా కేంద్రానికి 2022 నుంచి బయటి కరెంటు ఎన్నోసార్లు పూర్తిగా తెగిపోయింది. 2025 సెప్టెంబర్‌లో మొదలైన కోత నెల రోజులు సాగింది. అన్నాళ్ళూ ఆ కేంద్రం డీజిళ్ళ మీదే బతికింది. అంత సుదీర్ఘమైన కోతని ఏ డ్రాయింగ్‌లోనూ ఎవరూ గీసి ఉండరు. మీ సిస్టమ్ డయాగ్రమ్ ఒకసారి తీసి, గీతలన్నీ ఎక్కడ కలుస్తున్నాయో చూడండి.