విందు చివరి నుండి విందు మొదటికి: షాంపేన్ కథ

క్రిస్మస్ ముందటి రాత్రియు, సంవత్సరాంతపు రాత్రియు ఫ్రాన్సు దేశంలో కుటుంబాలు చాల ప్రొద్దుపోయేవరకు కూర్చుండి చేసే విందునకు 'రెవెయ్యో' అని పేరు. మేలుకొనుట అనే అర్థంగల మాట నుండి అది పుట్టినది. పచ్చి ఆల్చిప్పల మాంసంతో మొదలయ్యే ఆ విందు, చెట్టుమొద్దు ఆకారంలో చేసిన కేకుతో ముగియడం ఆచారం. ఈ రెంటి నడుమ ఎప్పుడో ఒకప్పుడు షాంపేన్ సీసా బిరడా టప్పున ఎగురుతుంది. ఎప్పుడు అన్నదే ప్రశ్న. ఆల్చిప్పల వద్దనా? తీపి వద్దనా? నూట ఎనుబది ఏండ్ల క్రిందట అడిగితే తీపి వద్దనే అనేవారు. నేడు ద్రాక్షాసవాల వర్తకుని అడిగితే ఆల్చిప్పల వద్ద అంటాడు. పేరు మారలేదు, ప్రాంతం మారలేదు. మారినది చక్కెర పాలు మాత్రమే.

పారిసు నగరానికి తూర్పున రేంస్, ఎపెర్నే పట్టణాల చుట్టునున్న సీమ షాంపేన్. ద్రాక్ష పండే ప్రాంతాలలో ఇది మిక్కిలి చలిగలది. శరత్కాలంలో పిండిన రసం పులియుట పూర్తి కాకుండగనే శీతాకాలం వచ్చిపడుతుంది. పులియుట ఆగిపోతుంది. వసంతంలో ఎండ తగలగానే మరల మొదలవుతుంది. అప్పుడు పుట్టేది బొగ్గుపులుసు వాయువు. తాటికల్లు ముంతలో నురుగు పొంగించేదీ ఈ వాయువే. ద్రాక్షాసవం పీపాలో ఉన్నంతకాలం వాయువు బయటికి పోతుంది. సీసాలో బిగిస్తే లోపలనే చిక్కుకొంటుంది. ఆ కాలపు ఆసవకారులకు ఇదొక దోషం.

ఓవిలేర్ మఠంలో 1668 నుండి 1715లో మరణించేవరకు ఆసవశాలను చూచిన దొం పెరిన్యో ఈ బుడగలను కనిపెట్టినాడనీ, తాను నక్షత్రాలను త్రాగుతున్నానని తోటి సన్యాసులను పిలిచినాడనీ ఒక కథ వాడుకలో ఉన్నది. చక్కని కథే గాని, ఆయన పోయిన చాలకాలానికి పుట్టినది. వివిధ తోటల పండ్లను పాలెరిగి కలుపుటలో ఆయన దిట్ట. ఆ కీర్తి చాలును. చక్కెర కలిపి ద్రాక్షాసవాన్ని పొంగించే పద్ధతిని గూర్చి ఆయన ఆ మఠంలో పనికి కుదురుటకు ఆరేండ్లు ముందే, 1662 డిసెంబరులో, క్రిస్టఫర్ మెరెట్ అనే వైద్యుడు లండను రాయల్ సొసైటీకి ఒక వ్యాసం సమర్పించినాడు. అక్కడి వర్తకులు చక్కెరనూ, బెల్లపు మడ్డినీ వేసి ఈ పని చేస్తున్నారని అందులో ఉన్నది. వారికి గట్టి సీసాలు కూడ ఉండినవి. ఓడలకు కావలసిన కలపను కాపాడుటకై 1615లో ఇంగ్లండు రాజు గాజు కొలుములలో కట్టెలు వాడరాదని శాసించినాడు. గాజు పనివారు రాక్షసిబొగ్గుకు మారినారు. దాని తీవ్రమైన వేడిలో గాజు బలపడినది.

ఫ్రాన్సులో 1728లో రాజాజ్ఞ వెలువడిన తరువాతనే ఈ ఆసవాన్ని సీసాలలో రవాణా చేయుట సాధ్యపడినది. కాని సీసాను నమ్ముట కష్టం. లోపలి ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడికి ఐదారు రెట్లు. ఒకటి పగిలితే ప్రక్కవి కూడ పగిలేవి. నేలమాళిగలలో పనిచేసేవారు ముఖాలకు ఇనుప తొడుగులు ధరించేవారు. కొన్ని సంవత్సరాలలో సగం సరుకు నేలపాలయ్యేది. 1836లో షాలోన్ పట్టణపు ఔషధశాలాధిపతి ఫ్రాంస్వా, ఆసవంలో మిగిలియున్న చక్కెరను కొలిచి, మరెంత కలుపవచ్చునో లెక్కకట్టే మార్గం చూపిన తరువాత ఈ నష్టం క్రమంగా తగ్గినది.

1805లో, ఇరువది ఏడేండ్ల వయస్సులో, భర్తను పోగొట్టుకొన్న క్లికో అనే ఆమె వ్యాపారాన్ని చేతికి తీసికొన్నది. చిల్లులు తొలిచిన బల్లలో సీసాలను తలక్రిందులుగా గ్రుచ్చి, దినదినము కొంచెం త్రిప్పుతూ, మడ్డినంతటినీ బిరడా వద్దకు చేర్చే పద్ధతి ఆమె ఆసవశాలలో 1816 ప్రాంతంలో రూపొందినది. మడ్డి తీసివేయగా వెలితిపడిన చోటును చక్కెర కలిపిన ఆసవంతో నింపుతారు. ఎంత చక్కెర అన్నది కొనేవారి రుచిని బట్టి. రష్యావారికి మిక్కిలి తీపి కావలెను; ఫ్రెంచివారికీ తీపియే ఇష్టం. వట్టి మాట కాదు. 2010లో బాల్టిక్ సముద్రంలో, ఫిన్లండుకు చెందిన ఓలాండ్ ద్వీపాల వద్ద, మునిగిన ఓడలో 168 సీసాలు దొరికినవి. వాటిలో క్లికో సీసాలు కూడ ఉన్నవి. 2015లో వెలువడిన పరీక్షాఫలితాల ప్రకారం లీటరుకు సుమారు 150 గ్రాముల చక్కెర! నేటి కోలా పానీయంకన్న ఎక్కువ. అట్టిదానిని పరమాన్నంవలె విందు చివరనే సేవించుట సహజం.

ఇంగ్లీషువారి సంగతి వేరు. భోజనానంతరం త్రాగుటకు పోర్టు మొదలైన తీపి ఆసవాలు వారికి ముందే ఉండినవి. మాంసంతో, చేపతో సేవించుటకు తీపి లేనిది కావలెనని అడిగినారు. వారిని మెప్పించినది పొమ్మెరీ అనే మరొక వితంతువు. 1874 నాటి పంటతో ఆమె తీపి తగ్గించిన షాంపేన్ చేయించినది. (ఈ చరిత్రలో భార్యలు చేసిన పని భర్తలు చేసినదానికి తీసిపోదు.) అదే 'బ్రూత్' అనే రకం. క్రమంగా లోకమంతా ఆ రుచికే అలవాటుపడినది.

సీసా ఎన్నుకొనేవారు చూడవలసినవి రెండు మాటలు. మొదటిది 'షాంపేన్' అనే పేరు. అది ఊరకే వచ్చినది కాదు. చీడలు, పంట నష్టాలు పీడిస్తున్న కాలంలో కొందరు వర్తకులు ఇతర ప్రాంతాల ద్రాక్ష తెచ్చి ఆ పేరుతో అమ్మగా, 1911లో రైతులు తిరుగబడినారు. ఏప్రిల్‌లో ఆయి పట్టణంలో వర్తకుల ఆసవశాలలు తగులబడినవి, సైన్యం దిగినది. ఆ సీమ ఎల్లలు 1927లో చట్టంతో స్థిరపడినవి. 2005లో పోచంపల్లి నేతకు లభించిన భౌగోళిక గుర్తింపు ఇట్టి రక్షణయే. స్పెయిను 'కావా', ఇటలీ 'ప్రొసెక్కో' మంచి ఆసవాలే, వెల కూడ తక్కువే. కాని ఆ పేరు వాటికి చెల్లదు.

రెండవ మాట చక్కెరను గూర్చినది. 'బ్రూత్' అన్నచో లీటరుకు 12 గ్రాములు దాటరాదు. దాని పులుపూ బుడగలూ ఉప్పును, కొవ్వును కోసివేస్తాయి. కనుక ఆల్చిప్పలు, వేయించిన చేప, ఉప్పని జున్ను దానికి తగినవి. కేకు తగదు. లడ్డు తిన్న నోటితో కాఫీ త్రాగితే, చక్కెర వేసినదైనా చేదనిపించునుగదా! ఐనను పెండ్లి విందులలోనూ, సంవత్సరాంతపు విందులలోనూ కేకు కోసిన క్షణంలోనే బ్రూత్ పోయుట నేటికీ చూస్తాము. తీపి షాంపేన్ నాటి ఆచారం మిగిలినది. ఆ షాంపేన్ మిగులలేదు. ఆ క్షణాన్ని వదలుకొనలేనివారు 'దెమీ సెక్' అని ముద్రించిన సీసాను అడుగవలెను. అందులో లీటరుకు 32 నుండి 50 గ్రాములు ఉంటుంది. బాల్టిక్ అడుగున దొరికినదానిలో మూడవవంతుకు మించదు.