సైనికుని గుండె నుంచి పానిక్ అటాక్ దాకా: ఒక భయానికి పేర్లు మారిన చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఒకే రకమైన బాధను వేర్వేరు కాలాల్లో వైద్యులు ఎలా అర్థం చేసుకున్నారో వివరించగలుగుతారు.
• జబ్బుకు పెట్టిన పేరు చికిత్సను ఎలా నిర్ణయిస్తుందో గుర్తించగలుగుతారు.
• గతంలోని రోగులకు నేటి జబ్బుల పేర్లు పెట్టడంలోని ఇబ్బందిని చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

రాత్రి ఉన్నట్టుండి మెలకువ వస్తుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. ఊపిరి అందదు. ఒళ్లంతా చెమటలు పడతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇక నా పని అయిపోయింది అనిపిస్తుంది. ఆసుపత్రికి పరుగెత్తితే ఇ.సి.జి. బాగానే ఉంటుంది. ‘మీకేమీ లేదు’ అని పంపేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే బాధ. మీలో కొందరికి ఈ అనుభవం ఉండవచ్చు, లేదా మీ ఇంట్లో ఎవరికైనా ఉండవచ్చు. యాభై ఏళ్లు దాటాక నాకూ ఒక రాత్రి ఇది ఎదురైంది. డ్యూటీ డాక్టరు అన్న ‘ఏమీ లేదు’ అనే మాట ఆ పూటకు ఊరటనిచ్చింది. తెల్లవారేసరికి మాత్రం ‘ఏమీ లేకపోతే మరి అదేమిటి?’ అనే ప్రశ్న మిగిలింది. ఆ ప్రశ్నకు చరిత్రలో జవాబు వెతికితే 150 ఏళ్ల వెనక్కి, యుద్ధంలో ఉన్న సైనికుల దగ్గరకు వెళ్లాల్సి వచ్చింది.

మనం తెలుగులో భయాన్ని గుండెతోనే చెబుతాం. గుండె జారిపోయింది, గుండె గుభేలుమంది, గుండె ఆగినంత పనైంది అంటాం. ధైర్యాన్ని గుండెదిటవు అంటాం. వాడుక భాషకు ఎప్పుడో తెలిసిన ఈ సంబంధాన్ని వైద్యశాస్త్రం స్పష్టంగా గుర్తించడానికి చాలా కాలం పట్టింది.

2. పటకాలను, గుండెను అనుమానించిన కాలం

1861–65 మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో గుండెదడ, ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం వంటి బాధలతో ఎందరో సైనికులు ఆసుపత్రుల పాలయ్యారు. ఫిలడెల్ఫియాలో పనిచేసిన జేకబ్ మెండిస్ డకోస్టా అనే వైద్యుడు అటువంటి 300 మందిని పరిశీలించి, 1871లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఈ స్థితికి ‘ఇరిటబుల్ హార్ట్’, అంటే ఊరకనే ఉద్రేకపడే గుండె, అని పేరుపెట్టాడు. వీరిలో చాలామంది అంతకుముందు జ్వరాలతో, విరేచనాలతో, కఠినమైన సైనిక సేవతో నలిగిపోయినవారే. అందువల్ల గుండె పనితీరు దెబ్బతిన్నదని అతడు భావించాడు. విశ్రాంతి ఇచ్చి, గుండె వేగాన్ని తగ్గించే డిజిటాలిస్ మందు వాడాడు.

అంతకు ఏడాది ముందు, 1870లో, బ్రిటిష్ సైనిక వైద్యుడు ఆర్థర్ మైయర్స్ ఇటువంటి గుండె బాధలకు మరో కారణం చూపాడు. సైనికుల బిగుతైన దుస్తులు, మూటలు మోసే పటకాలు ఛాతీని నొక్కివేయడమే కారణమన్నాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. వైద్యులు ఇద్దరూ నిజాయితీగానే పరిశీలించారు. ఎవరూ సైనికులను అబద్ధాలకోరులని కొట్టిపారేయలేదు. కాని ఇద్దరి చూపూ శరీరం దగ్గరే ఆగింది. సైనికుని మనసులోని భయం వారి విచారణలో ప్రధానాంశం కాలేదు.

3. మొదటి ప్రపంచ యుద్ధం: విశ్రాంతికి బదులు వ్యాయామం

1914లో యుద్ధం మొదలయ్యాక ఈ సమస్య బ్రిటిష్ సైన్యంలో మరింత పెద్దదైంది. గుండె జబ్బు ఉన్నదనే ముద్రతో వేలాది మందిని సేవ నుంచి తప్పించవలసి వచ్చింది. గుండె నిపుణుడు థామస్ లూయిస్ హాంప్‌స్టెడ్‌లోను, తరువాత కోల్చెస్టర్‌లోను ఉన్న సైనిక ఆసుపత్రుల్లో ఈ రోగులను పరిశీలించాడు. వీరిలో అత్యధికుల గుండె నిర్మాణంలో లోపం కనిపించలేదు. శ్రమపడినప్పుడు ఆరోగ్యవంతునికి కలిగే లక్షణాలే వీరికి కొద్దిపాటి శ్రమకే అతిగా వస్తున్నాయని చెప్పి, అతడు దీనికి ‘ఎఫర్ట్ సిండ్రోమ్’ అని పేరుపెట్టాడు. 1918లో దీనిపై పుస్తకం వెలువరించాడు.

పేరు మారడంతో చికిత్స కూడా మారింది. నెలల తరబడి మంచం మీద పడుకోబెట్టే పద్ధతి పోయి, క్రమంగా పెంచుకుంటూ వెళ్లే వ్యాయామం వచ్చింది. ‘నీ గుండె పాడైంది, కదలవద్దు’ అన్న మాటకు, ‘నీ గుండె గట్టిదే, లేచి నడువు’ అన్న మాటకు రోగి జీవితంలో ఎంత తేడా ఉంటుందో ఆలోచించండి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో, గుండె నిపుణుడు పాల్ వుడ్ మరో అడుగు వేశాడు. ఈ లక్షణాలకు మూలం శ్రమ కాదని, ఆందోళన అని వాదించాడు. భయం వల్ల కలిగిన లక్షణాలను రోగి గుండె జబ్బుగా పొరబడతాడు. ఆ నమ్మకం ముదిరి, అలసిపోతే చనిపోతాననే భయం పుడుతుంది. ఆ భయం లక్షణాలను ఇంకా పెంచుతుంది. ఈ విషవలయాన్ని స్పష్టంగా చూపినవాడు ఒక గుండె వైద్యుడే కావడం విశేషం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
డకోస్టా, లూయిస్, వుడ్ ఒకే రకమైన లక్షణాలకు చూపిన కారణాలలో తేడా ఏమిటి?

4. మనసు వైపు నుంచి వచ్చిన దారి

ఇదే కాలంలో మనోవైద్యులు మరో దారిలో నడుస్తున్నారు. జర్మనీలో కార్ల్ వెస్ట్‌ఫాల్ 1871–72 ప్రాంతంలో, ఖాళీ మైదానాలు, వీధులు దాటలేక వణికిపోయే రోగులను వర్ణించి ‘అగోరాఫోబియా’ అనే పేరు తెచ్చాడు. 1895లో సిగ్మండ్ ఫ్రాయిడ్, నరాల నిస్సత్తువగా అప్పట్లో చెప్పుకునే న్యూరస్తీనియా నుంచి ఆందోళనను వేరుచేసి, హఠాత్తుగా వచ్చే ఆందోళన పోట్లను వర్ణించాడు. అయితే గుండె వైద్యులు, మనోవైద్యులు చాలాకాలం ఒకరి దారి ఒకరు పట్టించుకోలేదు.

1959 నుంచి న్యూయార్క్‌లోని హిల్‌సైడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ క్లైన్ ఇమిప్రమిన్ అనే మందును పరీక్షించాడు. చనిపోతున్నామంటూ నర్సుల గదికి తరచుగా పరుగెత్తుకొచ్చే రోగులకు ఆ మందు ఇచ్చారు. కొన్ని వారాల తరువాత రోగులు మాత్రం తమకు మార్పేమీ లేదన్నారు. వారు పరుగెత్తుకు రావడం మానేశారని ముందుగా గమనించింది నర్సులే. హఠాత్తుగా వచ్చే పోటు తగ్గింది కాని, మళ్లీ వస్తుందేమోననే బెంగ పోలేదు. ఈ రెండూ వేరని క్లైన్ వాదించాడు. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో తన వర్గీకరణ గ్రంథం మూడవ కూర్పులో ‘పానిక్ డిజార్డర్’ను ప్రత్యేకమైన జబ్బుగా చేర్చింది.

5. భయానికి భయపడటం

ఈ చరిత్రలో ఒక రోగి గొంతు కూడా వినాలి. ఆస్ట్రేలియాకు చెందిన క్లేర్ వీక్స్ యువతిగా ఉన్నప్పుడు క్షయ ఉన్నదని పొరబడి ఆమెను శానటోరియంలో ఉంచారు. బయటికి వచ్చాక గుండెదడ ఆమెను వదలలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఒక మిత్రుడు, యుద్ధంలో సైనికుల గుండెలు కూడా భయంతో ఇలాగే కొట్టుకునేవని ఆమెకు చెప్పాడు. ఏ వైద్యుడూ చెప్పని ఆ మాట ఆమెకు దారి చూపింది. తరువాత ఆమే వైద్యురాలై 1962లో సామాన్యుల కోసం పుస్తకం రాసింది. ఎదుర్కో, ఒప్పుకో, తేలిపో, కాలాన్ని గడవనివ్వు అన్నవే ఆమె సూత్రాలు. అంటే దడతో పోరాడవద్దు, దాని నుంచి పారిపోనూవద్దు.

1986లో బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ ఈ వలయానికి శాస్త్రీయ రూపమిచ్చాడు. శరీరంలో కలిగే మామూలు మార్పును ప్రమాద సూచనగా పొరబడటమే పానిక్‌కు కీలకమన్నాడు. ఉదాహరణకు, భయంతో వేగంగా శ్వాసిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దాంతో తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అది పక్షవాతమేమోనని భయపడితే శ్వాస ఇంకా వేగమవుతుంది. ఈ అవగాహన ఆధారంగానే నేటి ఆలోచనా–ప్రవర్తనా చికిత్స సాగుతుంది.

6. చరిత్ర విద్యార్థికి ఒక హెచ్చరిక

‘అయితే డకోస్టా రోగులకు ఉన్నది పానిక్ డిజార్డరే’ అని రాయడానికి తొందరపడకండి. వారిలో కొందరికి నిజంగానే గుండె జబ్బు ఉండవచ్చు. జ్వరాల తరువాతి నీరసమూ ఉండవచ్చు. గతంలోని మనిషిని మన పరీక్ష గదికి పిలిపించలేం. మనం ఖాయంగా చెప్పగలిగింది ఇంతే: బాధ నిజం, పేర్లు మారాయి, పేరుతోపాటు చికిత్సా మారింది. నేటి పేరే చివరిదని కూడా అనుకోనవసరం లేదు.

ఇదే జాగ్రత్త మీ విషయంలోనూ అవసరం. ఛాతీనొప్పి, ఆయాసం వస్తే అది భయమేనని మీకు మీరే తీర్మానించుకోవద్దు. ముందు వైద్యునికి చూపించండి. గుండె బాగుందని తేలితే, అదే పరీక్షను పదేపదే చేయించుకోవడం కన్నా భయం గురించి మాట్లాడటం మేలు. పోటు సాధారణంగా కొద్ది నిమిషాల్లో తారస్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది. ఉన్నచోటే ఉండి, శ్వాసను నిదానంగా విడవండి. పరీక్ష హాలును, బస్సును, సంతను తప్పించుకు తిరగవద్దు. తప్పించుకున్నకొద్దీ భయం పెరుగుతుంది. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులో కూడా ఉచితంగా మాట్లాడవచ్చు.

7. సారాంశం

పటకాలు, గుండె, శ్రమ, ఆందోళన అంటూ ఒకే రకమైన బాధకు కారణాలు మారుతూ వచ్చాయి. సైనికులకు మొదట గుండె జబ్బు అన్నారు, తరువాత గుండెకేమీ లేదన్నారు. ఆ రెండు మాటల మధ్య చాలాకాలం చెప్పకుండా మిగిలిపోయిన మాట ఒకటుంది: ‘మీ గుండెకు ఏమీ లేదు, కాని మీకు ఉన్న బాధ నిజం, దానికి దారి ఉంది.’ ఇంట్లో ఎవరైనా రాత్రివేళ గుండె పట్టుకుని లేచి కూర్చుంటే, ‘ఏమీ లేదు పడుకో’ అనే ముందు ఈ చరిత్రను గుర్తుచేసుకోండి.

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. ‘జబ్బు పేరు మారితే చికిత్స మారుతుంది.’ ఎఫర్ట్ సిండ్రోమ్ ఉదాహరణతో చర్చించండి.
2. పానిక్ డిజార్డర్‌ను గుర్తించడంలో నర్సుల, రోగుల పరిశీలనలకు ఉన్న ప్రాధాన్యాన్ని వివరించండి.
3. గతంలోని రోగులకు నేటి జబ్బుల పేర్లు పెట్టడం ఎందుకు కష్టం?