దీపము, ట్రాము: బొంబాయి నగరయానమునకు వెల యెవరు చెల్లింపవలెను?

తెలంగాణమునుండి వచ్చి, కట్టడపు పనులలో చెమటోడ్చి, కామాటిపురమునకు పేరైన కామాటీలును, బట్టల మిల్లులలో మగ్గముల యొద్ద నిలిచిన పద్మశాలీలును బొంబాయి తెలుగువారికి పూర్వులు. అట్టి శ్రామిక కుటుంబములకు నగరపు బండి విలాసము కాదు, అవసరము. కావున దాని వ్యయము నెవరు భరింపవలెనను చర్చ మన యింటి జమాఖర్చులకు సంబంధించినదే.

1874 మే 9న ఈ నగరమున గుఱ్ఱపు ట్రాములు మొదలయ్యెను. 1905లో బొంబాయి ఎలక్ట్రిక్ సప్లై అండ్ ట్రామ్‌వేస్ కంపెనీ దీపమును, ట్రామును ఒకే యాజమాన్యము క్రిందికి తెచ్చెను. 1907లో విద్యుత్ ట్రాము, 1926లో బస్సు నడిచినవి. 1947 ఆగస్టు 7న పురపాలక సంస్థ యీ కంపెనీని స్వాధీనము చేసికొనెను. పిమ్మట దశాబ్దములపాటు విద్యుత్తుపై వచ్చిన మిగులు బస్సుల లోటును పూడ్చెను.

మద్రాసు కథ వేఱు. 1895లో ఆరంభమైన అచ్చటి విద్యుత్ ట్రాము ప్రయివేటు కంపెనీ చేతిలో నష్టముల పాలై 1953 ఏప్రిల్‌లో ఆగిపోయెను. బొంబాయి ట్రాము సైతము 1964 మార్చి 31న ఆగినది. కాని దానిని నడిపిన సంస్థ బస్సులతో నిలిచినది. ఆదాయపు ఆధారము గల సంస్థకును, టిక్కెట్టునే నమ్ముకొన్న సంస్థకును గల భేద మిది.

అయితే ఈ పద్ధతి నిర్దోషమని చెప్పజాలము. ఈ సంస్థ విద్యుత్తు నిచ్చునది పాత నగర ద్వీపమునకే. బస్సులు మాత్రము శివారులకును పోవును. ద్వీపమున దీపము వెలిగించుకొనువాడు శివారు ప్రయాణికుని బండి కేల చెల్లింపవలెనను ప్రశ్న సహేతుకమే. 2003 విద్యుచ్ఛాసనము తరువాత ఈ వివాదము మఱింత తీవ్రమయ్యెను. లోటు పెరిగినకొలది భారము టిక్కెట్టుపై పడినది: 2019 జూలైలో 8 నుండి 5 రూపాయలకు తగ్గించిన కనీసపు చార్జీ 2025 మేలో 10 రూపాయలయ్యెను.

మెట్రో మార్గములతో చర్చ క్రొత్త దారి పట్టినది. మార్గము వచ్చినచోట భూమి విలువ పెరుగును. ఆ లాభములో నగరమునకు వాటా ఉండుట న్యాయము. 2022 ఏప్రిల్ నుండి ఆస్తుల క్రయవిక్రయములపై 1 శాతపు మెట్రో సుంకము మరల వసూలగుచున్నది. కాని యీ సుంకము స్టేషను ప్రక్కని పెద్ద భూస్వామికిని, మార్గమునకు దూరమున చిన్నయిల్లు కొనువానికిని ఒక్క తీరే. ఇక 2024 అక్టోబరులో తొలి భాగము తెరచిన మూడవ మెట్రో మార్గమునకు జపాను అప్పు గలదు. అప్పు తీర్చునది రాబోవు తరము.

మా తలంపున, బండి నడుపు ఖర్చులో కొంత టిక్కెట్టు భరింపవచ్చును. మార్గము నిర్మించు ఖర్చును దానివలన భూలాభము పొందినవారు ముఖ్యముగా భరింపవలెను. మిగిలినది అందఱి పన్నులనుండి రావలెను. వేనిలో ఎంతయను లెక్క ఏటేట ప్రజలముందు ఉంచవలెను. రాళ్లెత్తి యీ నగరమును కట్టినవారి వారసులము మనము. ఆ లెక్క చూపుమని అడుగుటకు మనకు హక్కు గలదు; అడుగుట మన విధియు నగును.