గర్భసంచి మీద నింద

పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అని మనవాళ్ల సామెత. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, దీన్ని నమ్మి ఎందరు ఆడపిల్లల మెడలో తాళి కట్టించారో! మా తుర్కయంజాల్‌కి ఎర్రగడ్డ పట్నానికి ఆ చివర. అయినా ఇంట్లో పిల్ల కాస్త గొంతు పెంచితే చాలు, "దీన్ని ఎర్రగడ్డలో చేర్పించాలి" అనేస్తాం.

మనమొక్కళ్లమే కాదు లెండి. పూర్వం గ్రీకు వైద్యులు ఆడవాళ్ల చిత్తచాంచల్యానికి గర్భసంచే కారణమన్నారు. అది ఒంట్లో చోటు మార్చుకుంటూ తిరుగుతుందట! హిస్టీరియా అన్న మాట పుట్టింది కూడా వాళ్ల భాషలో గర్భసంచి పేరు నుంచే. అమెరికా మానసిక వైద్యులు తమ జాబితాలోంచి ఆ పేరు తీసేసింది 1980లో.

పాతికేళ్లకి కథ మరో మలుపు తిరిగింది. 2005లో ఫిలడెల్ఫియాలో జోసెప్ డల్మావ్, ఆయన సహచరులు నలుగురు యువతుల సంగతి రాశారు. ఉన్నట్టుండి మతి చలించింది, జ్ఞాపకం పోయింది, స్పృహ తగ్గింది, ఊపిరి మందగించింది. నలుగురికీ అండాశయంలో గడ్డ! టెరటోమా అంటారు. అందులో వెంట్రుకలు, పళ్లు, ఒక్కోసారి మెదడు కణాలు కూడా ఉంటాయి. ఒంటికి కాపలా కాసే శక్తి ఆ కణాల్ని శత్రువనుకుని తిరగబడి, ఆ ఊపులో అసలు మెదడు మీదా పడుతుంది. 2007లో ఆ దెబ్బ ఎన్ఎమ్‌డీఏ రిసెప్టర్ల మీద పడుతోందని తేల్చారు.

గ్రీకులే గెలిచారనుకునేరు! గర్భసంచి పాపం అప్పుడూ నిర్దోషే. గడ్డ లేనివాళ్లకీ, మగవాళ్లకీ, పసిపిల్లలకీ ఈ జబ్బు వస్తుంది. కాకపోతే 2013లో 577 మంది రోగుల లెక్క తీస్తే నూటికి 81 మంది ఆడవాళ్లే.

బాగున్న పిల్ల కొద్ది రోజుల్లోనే మారిపోతే, ముందు జ్వరమో తలనొప్పో వచ్చిందా, ఫిట్లున్నాయా, మూతి వంకర్లు పోతోందా అన్నది డాక్టరుకి చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే. మాట తడబడి, క్రమంగా ఆగిపోవడం కూడా దీని లక్షణమే. వెన్నులో నీరు తీసి పరీక్షిస్తే బయటపడుతుంది. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

2009లో న్యూయార్కులో సుసానా కహలాన్ అనే 24 ఏళ్ల విలేకరికి ఇదే వచ్చింది. తాగుడు మానడం వల్ల వచ్చిందని ఒక డాక్టరు అన్నాడట! చివరికి సౌహెల్ నజ్జర్ అనే వైద్యుడు కాగితమిచ్చి గడియారం బొమ్మ గీయమన్నాడు. గీసింది. పన్నెండు అంకెలూ కుడిపక్కనే కుక్కేసింది. ఎడమ సగం ఖాళీ. మెదడు కుడివైపు వాచిందని ఆయనకు అర్థమైపోయింది. వైద్యం జరిగాక కొన్ని నెలలకు ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరి, తన జబ్బు కథే పత్రికలో రాసింది.