సబఖ్ ఏ భాషలో?

లాలాగూడ చరిత్ర రాసేవాళ్లు 1893లో నిజాం రైల్వే ఇక్కడ పెట్టిన వర్క్‌షాపుతో మొదలుపెడతారు. బోగీలు, క్వార్టర్లు, ఆంగ్లో ఇండియన్ల ఇళ్లు - అన్నీ ఆ చరిత్రలో ఉంటాయి. ఖలాసీగా, ఫిట్టరుగా బతికిన ముసల్మాను తన పిల్లలకు దీన్ ఎలా నేర్పుకున్నాడన్నది మాత్రం ఉండదు. మసీదు చాప మీద సాగిన ఆ చదువు గురించి మేమే రాసుకోవాలి. నిలదీస్తూ రాసుకోవాలి.

మక్తబ్ మాకు ఇచ్చింది తక్కువేం కాదు. బడి మొహం చూడని కూలివాడి కొడుకు కూడా బాగ్దాదీ ఖాయిదా పట్టుకుని అలిఫ్, బే దిద్దాడు. ముందుకూ వెనక్కూ ఊగుతూ ఖురాన్ నాజిరా పూర్తిచేశాడు. వజూ, నమాజు, నాలుగు సూరాలు నేర్చుకున్నాడు. కానీ "నువ్వు చదివినదానికి అర్థమేంటి బేటా?" అంటే తల దించుకున్నాడు. అర్థం చెప్పడమనేది ఉంటే అది ఉర్దూలోనే ఉండేది.

ఒకప్పుడు అది సరిపోయింది. ఉర్దూ హైదరాబాద్ రాజ్యపు పాలనా భాష. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే మొదలైంది. 1948లో ఆ రాజ్యం పోయింది. 1956లో తెలుగు రాష్ట్రం వచ్చింది. మా పిల్లలు తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం బడులకు పోయారు. ఉస్తాద్ ఉర్దూ మాత్రం మారలేదు. పైగా పల్లెల నుంచి వచ్చిన దూదేకుల ఇళ్లలో మాట్లాడేదే తెలుగు. "ఉర్దూ రాదు, మీరేం ముసల్మాన్లు?" అని వాళ్ల పిల్లల్ని ఎగతాళి చేసింది పరాయివాళ్లు కాదు, మనవాళ్లే.

ఉర్దూకు ఈ గౌరవం ఎప్పుడొచ్చింది? ఢిల్లీలో షా వలీవుల్లా 1738లో ఖురాన్‌ను పార్సీలోకి తెచ్చాడు, చదువుకున్నవాళ్ల భాష అదే కనుక. ఆయన కొడుకు షా అబ్దుల్ ఖాదిర్ 1790 ప్రాంతంలో దాన్ని ఉర్దూలోకి తెచ్చాడు, మామూలు జనం భాష అదే కనుక. ఆనాటి ఢిల్లీకి ఉర్దూ ఎంత సబబో ఈనాటి లాలాగూడకు తెలుగు అంతే సబబు. ఖురాన్‌ను తెలుగు చేసిన తొలితరం వాళ్లలో చిలుకూరి నారాయణరావు ఒకరు. ఆయన ముస్లిం కాదు. అయితేనేం? 624లో బదర్ యుద్ధంలో పట్టుబడ్డ ఖురైషీయుల్లో అక్షరం వచ్చినవాళ్లకు ప్రవక్త పెట్టిన షరతు మదీనా పిల్లలకు చదువు చెప్పడం. చదువు ఎవరి దగ్గరున్నా తీసుకోవచ్చన్నది మన చరిత్రలోనే ఉంది.

భాషతో పాటు బెత్తం సంగతీ మాట్లాడుకోవాలి. 1377లో ఇబ్నె ఖల్దూన్ తన "ముఖద్దిమా"లో పిల్లల్ని కఠినంగా శిక్షిస్తే వాళ్లకు అబద్ధం, కపటం అలవడతాయని రాశాడు. పాఠాన్ని ఒక్కసారే మీద పడేయకుండా మూడు విడతలుగా, ఒక్కో విడతకు కొంచెం లోతుగా చెప్పమన్నాడు. అంతకు రెండు శతాబ్దాల ముందే స్పెయిన్ పండితుడు అబూబకర్ ఇబ్నుల్ అరబీ పిల్లలకు ముందు భాష, లెక్కలు నేర్పి, తర్వాత ఖురాన్ చెప్పాలని వాదించాడు. అర్థం కానిది చదివించడం ఆయనకు నచ్చలేదు. మసీదులో మూత్రం పోసిన ఎడారి మనిషి మీదికి జనం లేస్తే ప్రవక్త ఆపాడు. నీళ్లు పోయించాడు. ఆ తర్వాత మసీదు ఎందుకుందో మెల్లగా చెప్పాడు. ఉస్తాద్‌కు ఇంతకంటే శిక్షణ ఏం కావాలి?

ఐదు పూటల ఫర్జ్ నమాజులోనే పదిహేడు రకాతులున్నాయి. అంటే రోజుకు పదిహేడు సార్లు ఫాతిహా. అందులో ఉన్నవి ఏడు ఆయతులు. రోజుకొక ఆయతు అర్థం తెలుగులో చెప్పి, మర్నాడు పిల్లవాడి చేత వాడి మాటల్లో చెప్పిస్తే వారానికి ఫాతిహా వాడిదవుతుంది. ప్రశ్న అడిగితే "తౌబా" అనకుండా జవాబివ్వాలి. ఆడపిల్లలకు చెప్పే ఆపాలను తయారుచేసుకోవాలి. మినార్లకూ పాలరాతికీ చందాలెత్తే కమిటీలు ఉస్తాద్ జీతం గురించి కూడా ఆలోచించాలి. అర్ధాకలితో ఉన్నవాడికి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఉర్దూ పోతే మన గుర్తింపు పోతుందని కొందరు పెద్దలు భయపడతారు. ఆ భయం మాకూ తెలుసు. ఉర్దూను వదలమని మేం అనడం లేదు. దాన్ని భాషగా, సాహిత్యంగా ప్రేమతో నేర్పుదాం. దీన్‌కు అడ్డుగోడగా నిలబెట్టొద్దు. 1992 డిసెంబరు 6 తర్వాత బడిలో పక్క బెంచీ పిల్లవాడు మా పిల్లవాణ్ణి ప్రశ్నలు అడుగుతున్నాడు. మీ దేవుడెవరు, మీ ఖురాన్‌లో ఏముంది, మీరెందుకిలా అని. ఆ ప్రశ్నలు తెలుగులో ఉంటాయి. జవాబు కూడా తెలుగులోనే కావాలి. ఆ జవాబును మక్తబ్ ఇవ్వకపోతే మా పిల్లలకు ఇంకెవరిస్తారు?