సినిమా అయ్యాక లేచిపోకండి

సినిమా పూర్తవగానే మనం చేసే మొదటి పని, చీకట్లో కాలితో చెప్పులు వెతుక్కోవడం. అవునంటారా, కాదంటారా? పిల్లవాణ్ణి చంకనేసుకుని, ఆటో దొరుకుతుందో లేదో అనుకుంటూ బయటపడతాం. కాని బొమ్మ అయిపోయాక కూడా కుర్చీలోంచి కదలకుండా, చూసినదాన్ని గురించి గంటసేపు మాట్లాడుకునేవాళ్ళు కూడా ఉన్నారండీ. ఫిల్మ్ సొసైటీల వాళ్ళన్నమాట. మా పరిగిలో ఒక పెద్దమ్మతో ఈ సంగతి చెబితే, "సిన్మా చూసినంక మాట్లాడేదేముంటది బిడ్డా, ఇంటికొచ్చి బువ్వ తినాలె గని" అంది. ఆ మాట్లాడుకోవడానికీ ఓ చరిత్ర ఉంది. అందులో మన హైదరాబాదుకూ చోటుంది.

ఇలాంటి సంఘాల్లో బాగా పేరుపడ్డది 1925 లో లండనులో పుట్టింది. రష్యా వాళ్ళు తీసిన 'బాటిల్‌షిప్ పొటెంకిన్' మామూలు హాళ్ళలో ఆడడానికి అక్కడి సెన్సారు ఒప్పుకోలేదు. ఈ సంఘం మాత్రం 1929 లో తన సభ్యులకు చూపించింది. కిటుకంతా 'సభ్యులకు' అన్న మాటలో ఉంది. టిక్కెట్లు అమ్మరు. లైబ్రరీకి కట్టినట్టు చందా కట్టినవాళ్ళకే ప్రవేశం. మన దేశంలో కూడా ఆ పద్ధతే వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947 లోనే సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా, మరికొందరు స్నేహితులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. అప్పటికి రాయ్ గారు ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగి.

1952 జనవరిలో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు కూడా వెళ్ళింది. ఇటలీ వాళ్ళ 'బైసికిల్ థీవ్స్' అప్పుడే మనవాళ్ళు చూశారు. ఉద్యోగానికి సైకిలు ఉండి తీరాలి. సైకిలేమో తాకట్టులో ఉంది. అప్పుడా ఇల్లాలు ఏం చేస్తుందనుకున్నారు? మారుమాట లేకుండా మంచం మీది దుప్పట్లు లాగి, మూటగట్టి, వాటిని తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తుంది. తరవాత ఆ సైకిలు దొంగల పాలవుతుంది. కథంతా తండ్రీకొడుకులు దాన్ని వెతకడమే. పండితులు ఆ తండ్రి మీద, కొడుకు మీద పుస్తకాలు రాశారు. నాకు మాత్రం ఆ దుప్పట్లే గుర్తుండిపోయాయి.

ఇక మన నిజాం కాలేజీ సంగతికొస్తాను. 1934 లో తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ అక్కడ అర్థశాస్త్రం చదివారు. తండ్రి ఫొటోగ్రాఫరు. ఆయనిచ్చిన కెమెరాతో పన్నెండేళ్ళకే ఓ చిన్న చిత్రం తీశాడట ఆ అబ్బాయి! ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే ఆ రోజుల్లోనే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ స్థాపించారు. 1959 లో దేశంలోని సొసైటీలు కొన్ని కలిసి ఫెడరేషనుగా ఏర్పడ్డాయి. రాయ్ గారు అధ్యక్షులు, ఉపాధ్యక్షుల్లో ఇందిరాగాంధీ ఒకరు. ఫెడరేషను ఉన్నందువల్ల ఒక ఊరికి వచ్చిన చిత్రం ఇంకో ఊరికి తిరిగేది. రాయబార కార్యాలయాల నుంచి, 1964 లో పుణేలో పెట్టిన ఫిల్మ్ ఆర్కైవు నుంచి రేకు డబ్బాల్లో రీళ్ళు వచ్చేవి. పదహారు మిల్లీమీటర్ల రీలు పెద్దదైతే ముప్పావుగంట ఆడుతుంది. ఒక్కటే ప్రొజెక్టరు ఉన్నచోట అది అయిపోగానే దీపాలు వేసి, రెండోది ఎక్కించేదాకా ఆగాల్సిందే. మాటలు అక్కణ్ణించే మొదలయ్యేవేమో!

చిత్రమేమంటే 1974 లోనే మూడు సంగతులు జరిగాయి. హైదరాబాదు సెంట్రల్ యూనివర్శిటీ పుట్టింది. దానికి మొదటి చోటు ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారిల్లు, 'గోల్డెన్ త్రెషోల్డ్'. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్బు కూడా ఆ ఏడాదే మొదలైంది. బెనెగల్ గారి మొదటి కథాచిత్రం 'అంకుర్' వచ్చిందీ అప్పుడే. నిర్మాత కోసం ఆయన ఏళ్ళ తరబడి తిరిగిన కథ అది. తీసింది మన తెలంగాణ పల్లెలో, మాట్లాడింది మన దక్కనీ యాసలో. బెర్లిన్ ఉత్సవానికి వెళ్ళింది. షబానా ఆజ్మీకి జాతీయ బహుమతి తెచ్చింది. తరవాత 1980 లో 'మా భూమి' వచ్చింది. 1986 లో 'ఫిల్మోత్సవ్' పేరిట ప్రపంచ చిత్రాల పండుగే హైదరాబాదుకు తరలివచ్చింది.

మరి ఇన్ని జరిగితే ఆ కుర్చీల్లో గృహిణులెందరు కూర్చున్నారు? ప్రదర్శనలు చాలావరకు సాయంకాలాలే. అంటే పిల్లలు బడినుంచి వచ్చే వేళ, పొయ్యి వెలిగించే వేళ. పరిగి నుంచి హైదరాబాదు డెబ్భై కిలోమీటర్ల పైచిలుకు. ఆరింటి ఆట చూసి, చర్చ విని, ఏ బస్సులో వస్తాం చెప్పండి? ఆదివారం మధ్యాహ్నాలు దూరదర్శన్ ప్రాంతీయ భాషా చిత్రాలు వేసిన రోజుల్లో మాత్రం బహుమతి చిత్రాలు మన ముందుగదికే వచ్చాయి. ఇంట్లో కొందరికి అవి నిద్రమాత్రలు! చర్చ మాత్రం ఇంటిదాకా రాలేదు.

చర్చకు మనం రాకపోతే నష్టమేమిటని అడగొచ్చు. 'అంకుర్' సంగతే తీసుకోండి. దొరబిడ్డ సూర్య, పనిమనిషి లక్ష్మి, మాట రాని ఆమె భర్త కిష్టయ్య. విమర్శలన్నీ ఈ ముగ్గురి చుట్టూనే తిరుగుతాయి, తిరగాల్సిందే. కాని మధ్యలో సూర్య భార్య సరూ కాపురానికి వస్తుంది. ఊళ్ళో మాట ఆమె చెవిన పడుతుంది. కులం పట్టింపూ ఉంది, కడుపుమంటా ఉంది. లక్ష్మిని పనిలోంచి పంపించేస్తుంది. నేను చదివిన వ్యాసాల్లో సరూ కోసం రెండు వాక్యాలకు మించి రాసినవాళ్ళు లేరు.

ఈమధ్య మా వీధిలో అయిదారుగురం వంటలయ్యాక మధ్యాహ్నం ఫోనులో కాకుండా టీవీకి కలిపి ఆ సినిమా చూశాం. చివర్న పిల్లవాడు కిటికీ అద్దం మీద రాయి విసిరాక ఎవ్వరూ లేవలేదు. "తప్పు మొగుడిదైతే పనిమనిషిని ఎట్ల ఎళ్ళగొడుతది?" అంది ఒకామె. "మొగుణ్ణి ఎళ్ళగొట్టే ఇల్లేనా అది? ఆ ఇల్లు ఎవరి పేరు మీదుందో చూసినవా?" అని ఇంకో ఆమె. మూడో ఆమె, ఎప్పుడూ నోరు విప్పని మనిషి, "కడుపుతోటి ఉన్న మనిషిని పంపేటప్పుడు ఇన్ని బియ్యమన్న ఇయ్యొచ్చుగద" అంది నెమ్మదిగా. అక్కణ్ణించి మాట సినిమా దాటి మా ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ జీతాల మీదికి పోయింది, ఎవరింట్లో గ్లాసు వేరుగా పెడతారన్న దగ్గరికి పోయింది, కాస్త గట్టిగానే పోయింది. బడి పిల్లలు వచ్చేసరికి అయిదు దాటింది. టీ ఎవరూ పెట్టలేదు.